నడుము లోతే కదా అని లైఫ్ జాకెట్ తీసేయకండి

కొన్నాళ్లుగా ఒకే మెసేజ్ నాకు అన్ని గ్రూపుల్లోంచీ వస్తోంది. పంపేవాళ్లంతా మనవాళ్లే, మంచి ఉద్దేశంతోనే పంపుతున్నారు, అందుకే ఇంతవరకు ఊరుకున్నాను. నిన్న మళ్లీ మా మేనల్లుడే పంపి "మావయ్యా, ఇలా ఒకటి కట్టేద్దామా" అని అడిగాడు. ఇక రాయక తప్పలేదు.

మెసేజ్ చూడనివాళ్ల కోసం: లోతు లేని నీళ్లలో చేపల వేటకి 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న చదును అడుగు పడవని ఇంట్లోనే కట్టుకోవచ్చట. ఏ ప్లైవుడ్ అయినా పర్లేదు, రంగు వేస్తే నీళ్లు తాగదట. అడుగున ఎర్ర రంగు వేస్తే చేప బెదురుతుందట. చదును అడుగు పడవ బోల్తా పడదు, నీళ్లు నడుము లోతే, కాబట్టి లైఫ్ జాకెట్ దండగట. అడుగున థర్మాకోల్ పరిస్తే మునగదట. ఇంజిన్ ఎంత పెద్దదైతే అంత మంచిదట. చిన్న పడవకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదట. చివర్లో అడుగు సాపుగా ఉందో లేదో చూసుకోవడం గురించి ఒక సలహా.

ఎర్ర రంగు సంగతి వదిలేయండి. మీకు నచ్చిన రంగు వేసుకోండి.

ప్లైవుడ్ దగ్గర మాత్రం ఆగాలి. షాపువాడు "వాటర్‌ప్రూఫ్" అని ఇచ్చే మామూలు ఇంటి ప్లైవుడ్ వేరు, ఐఎస్ 710 ముద్ర (పడవల చెక్కకి ఉన్న భారత ప్రమాణం) ఉన్న మెరైన్ ప్లైవుడ్ వేరు. 710 రకం 72 గంటలు నీళ్లలో ఉడికించినా పొరలు విడిపోకూడదు, పరీక్షే అది. నమ్మకం లేకపోతే షాపులో చిన్న ముక్క అడిగి తెచ్చి ఇంట్లో గిన్నెలో కొన్ని గంటలు మరిగించండి, నాసిరకమైతే ఉబ్బిపోయి పొరలు వాటంతట అవే ఊడిపోతాయి. రంగు పైన వేస్తారు, నీళ్లు వచ్చేది చెక్క అంచుల్లోంచి, స్క్రూ కన్నాల్లోంచి. షీటు 8 అడుగులే కాబట్టి 12 అడుగుల పడవకి ఎలాగూ అతుకు తప్పదు, అక్కడ తెల్ల జిగురు పూస్తే చాలని మెసేజ్‌లో రాశారు, ఆ జిగురు తడిలో మెత్తబడిపోతుంది. రెండు భాగాలు కలిపి పూసే ఎపాక్సీ జిగురు వాడండి. ఏరు సముద్రంలో కలిసే మొగల్లోని ఉప్పు కలిసిన నీళ్లలో పడవ పురుగు కూడా ఉంటుంది, అది చెక్కని లోపల్నుంచి గొట్టాలు గొట్టాలుగా తినేస్తుంది, బయటికి ఏమీ కనపడదు. అడుగుకి ఎపాక్సీతో గాజు ఫైబర్ గుడ్డ వేస్తే దానికి దారి దొరకదు.

ఇప్పుడు లైఫ్ జాకెట్ పాయింటు. నాకు కోపం తెప్పించింది ఇదే.

చదును అడుగు పడవ మొదట్లో చాలా స్థిరంగా అనిపిస్తుంది, నిజమే. లేచి నిలబడినా పెద్దగా ఊగదు. ఆ ధైర్యంతోనే మనిషి విసురు వల పట్టుకుని అంచు మీదకి వెళతాడు, రెండోవాడు వల లాగడానికి అదే పక్కకి వస్తాడు. అడుగు గుండ్రంగా ఉన్న పడవ ముందే ఊగి హెచ్చరిస్తుంది. చదునుది చివరిదాకా గట్టిగా నిలబడి, అంచు నీటి మట్టానికి చేరిందంటే ఒక్కసారిగా తిరగబడుతుంది. పైగా లోపలికి నీళ్లు చేరితే లెక్క చూడండి: 12 అడుగులు, 4 అడుగులు, అంటే 48 చదరపు అడుగులు. ఒక్క అంగుళం నీరు నిలిస్తే సుమారు 113 లీటర్లు, అంటే 113 కేజీలు. ఆ బరువు ఒకచోట ఉండదు, పడవ ఏ పక్కకి వంగితే ఆ పక్కకే పరుగెత్తి ఇంకా వంచేస్తుంది. మడమ తడిస్తే ఏమవుతుందిలే అనుకునే నీళ్లు ఇద్దరు మనుషుల బరువు కన్నా ఎక్కువో తక్కువో, కానీ దగ్గరదగ్గరే.

"నడుము లోతే" అన్నవాడు ఏ నీళ్లు చూసి రాశాడు? వంశధారలో, నాగావళిలో ఇసుక తవ్వేసిన గోతులు ఎక్కడున్నాయో పై నుంచి ఎవరికైనా కనపడతాయా? మోకాలి లోతులో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగులో నిలువు లోతుకి వెళ్లిపోతారు. ఉప్పుటేరుల్లో బురద మోకాలి దాకా పట్టేసి కాలు రానివ్వదు. వల కాళ్లకి చుట్టుకుంటే ఈత వచ్చినవాడికీ ఈత రానట్టే. కళింగపట్నం దగ్గర వంశధార మొగైనా, కోనాడ దగ్గర చంపావతి మొగైనా, పాటు తీసే వేళ నీరు సముద్రంలోకి లాగుతూ ఉంటే ఎదురుగా వచ్చే కెరటం నిట్టనిలువుగా లేస్తుంది, మధ్యాహ్నం చెరువులా ఉన్నచోటే సాయంత్రానికి అలా అవుతుంది. వంశధార నీరు ఒడిశా కొండల్లోంచి వస్తుంది, అక్కడ వాన పడి గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తితే మన నెత్తిన మబ్బు లేకపోయినా ఏరు పెరుగుతుంది. ఇవన్నీ తెలిసిన ఊళ్లోనే ఉంటూ "జాకెట్ దండగ" అనే మాటని పదిమందికి ఎలా పంపుతున్నారు బాబూ? మీ కొడుకుని అలా పంపిస్తారా?

జాకెట్ వేసుకుంటే వల విసరడానికి చెయ్యి ఆడదు అంటారు, అది సబబైన ఇబ్బందే. చంకలు బాగా విడిచి కుట్టిన పొట్టి ఫోమ్ జాకెట్లు దొరుకుతాయి, అవి తీసుకోండి. ఇంజిన్ ఆపే ఎర్ర తాడు మణికట్టుకి తగిలించుకోండి. నీళ్లలో పడ్డవాడి చుట్టూ ఎవరూ పట్టుకోని పడవ ఇంజిన్ ఫ్యానుతో (ప్రొపెల్లర్‌తో) సహా తిరుగుతూ మీదకి వస్తుంది, ఆ తాడు ఉంటే ఇంజిన్ అక్కడికక్కడే ఆగిపోతుంది.

థర్మాకోల్ సంగతి. ఫైబర్ పనికి వాడే మామూలు పాలియెస్టర్ రెసిన్ తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది, పెట్రోలు ఒలికినా అంతే, ఏళ్లు గడిచేకొద్దీ నీళ్లు కూడా పీలుస్తుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు అది పెట్టే చోటు. అడుగున పరిస్తే, పడవ నీళ్లతో నిండినప్పుడు తేలేది కిందా బరువు పైనా అయి పడవ బోర్లా తిరుగుతుంది. నీళ్లు పీల్చని ఫోమ్ తీసుకుని రెండు పక్కల గోడల పొడవునా, అంచు దగ్గరగా పైన బిగించండి. అప్పుడు నిండినా నిటారుగానే ఉంటుంది, పట్టుకుని వేలాడొచ్చు.

ఇంజిన్ గురించి క్లుప్తంగా. 12 అడుగుల పడవ నీటిని తోసుకుంటూ వెళ్లే వేగం గంటకు 8.5 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది, అంతవరకు 3 హెచ్‌పీ సరిపోతుంది. 15 హెచ్‌పీ ఇంజినంటే ఇంచుమించు 40 కేజీలు, కొన్నయితే ఆ పైనే, దాని పక్కన ఇంధనం ట్యాంకు, దాని పక్కన నడిపేవాడు. మొత్తం బరువు వెనకే చేరి వెనక అంచు కుంగిపోతుంది, వెనక నుంచి వచ్చే కెరటం నేరుగా లోపలికి దూకుతుంది. పెద్ద ఇంజిన్‌తో ఆ వేగం దాటాక పడవ పైకి లేచి తక్కువ నీటిలో పోతుందన్నది నిజమే, కానీ వేగం తగ్గించిన క్షణం మళ్లీ కుంగుతుంది, కింద ఇసుక మేట ఉంటే ఫ్యాను దానికి గుద్దుకుంటుంది.

రిజిస్ట్రేషన్ అక్కర్లేదనడం కూడా తప్పే. ఇంజిన్ పెట్టి సముద్రంలో వేటాడితే 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం వర్తిస్తుంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధమూ వర్తిస్తుంది. 2025లో మన శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలోనే మొదలుపెట్టిన 20,000 రూపాయల వేట నిషేధ భృతి కూడా కాగితాల్లో లేని పడవ మీద రాదు.

ఇక చివరి సలహా. అది మాత్రం బాగుంది, చాలామంది పడవ వడ్రంగులు చెప్పేదానికన్నా బాగుంది. అడుగు వెనక భాగంలో నాలుగైదు అడుగుల మేర తిన్నని బద్ద పెట్టి చూడమన్నారు. అక్కడ కిందకి వంపు ఉంటే ముక్కు నీళ్లలోకి దిగుతుంది, పైకి వంపు ఉంటే వేగంలో ముక్కు ఎగిరెగిరి పడుతుంది. ఇంట్లో కట్టుకోవడంలో లాభమే ఇది, రంగు వేయకముందే సరిచేసుకోవచ్చు. దానికి నేను కలిపేది: ఇంజిన్ ఫ్యాను మీదుండే పళ్లెం పడవ అడుగుతో సమానంగా గానీ కాస్త పైకి గానీ ఉండేలా బిగించండి, ట్యాంకుని పొడుగు పైపుతో ముందుకి జరపండి. పడవ తోసే గెడ మాత్రం ఎప్పుడూ పడవలోనే ఉండాలి, లోతు లేనిచోట ఇంజిన్ కన్నా అదే నమ్మకం.

కట్టడం పూర్తయ్యాక ముందు ఊరి చెరువులో ఒడ్డు పక్కనే దింపి, ఇంజిన్ బదులు అంతే బరువున్న ఇసుక బస్తా కట్టి, అంచుల దాకా నీళ్లు నింపి చూడండి. తిరగబడకుండా తేలితేనే మొగ వైపు తీసుకెళ్లండి, లేకపోతే ఫోమ్ ఇంకా కలపాలి.