చలానా వచ్చిందా? కంగారు పడకండి

నో పార్కింగ్ చలానా ఫోన్‌లో మోగగానే అదే రోజు కట్టేసే అమాయకులు హైదరాబాద్‌లో ఇంకా మిగిలే ఉన్నారు. వాళ్లకు చరిత్ర తెలియదు. 2022 మార్చిలో ప్రభుత్వం పెండింగ్ చలానాలకు రాయితీ ఇచ్చింది. టూవీలర్ల వాళ్లు పావు వంతు కడితే చాలు, మిగతాది మాఫీ. 2023 డిసెంబరు 26న మళ్లీ అదే దయ. ఈసారి టూవీలర్లకు 80 శాతం, కార్లకు 60, ఆర్టీసీ బస్సులకూ తోపుడు బండ్లకూ ఏకంగా 90 శాతం తగ్గింపు. (తోపుడు బండికి నంబర్ ప్లేటు ఎక్కడుంటుందో ట్రాఫిక్ పోలీసు శాఖకే ఎరుక.) జనవరి 10తో ముగియాల్సిన గడువు నెలాఖరుకు, అక్కణ్నుంచి ఫిబ్రవరి 15కు జరిగింది. ముందే కట్టేసినవాళ్లకు మాత్రం పైసా వెనక్కి రాలేదు. వాళ్ల తప్పు ఏ సెక్షన్ కిందకు వస్తుందో గానీ, శిక్ష మాత్రం పూర్తిగా పడింది.

అన్యాయంగా వేశారంటే అప్పీలు లేదా? ఎందుకు లేదు! చలానాతో ఫొటో వస్తుంది. అందులో మీ బండి వెనక భాగం, నంబర్ ప్లేటు, పక్కనే ఎవరిదో ఒంటి చెప్పు. నో పార్కింగ్ బోర్డు మాత్రం ఉండదు. అది నిజంగానే అక్కడ ఉంది, కాకపోతే దాని ముందు నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు. ఇదంతా రాసి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. కాదంటే కోర్టుకు వెళ్లొచ్చు. ఒక పూట సెలవు, వకీలు ఫీజు, పోనూ రానూ ఆటో. బండి మీద వెళ్తే కోర్టు దగ్గర పెట్టేదెక్కడ? మళ్లీ చలానా. చేయని తప్పుకు పోరాడితే సొంత ఖర్చు, చేసిన తప్పును మర్చిపోతే 80 శాతం తగ్గింపు.

అన్నట్టు, జరిమానాకు తోడు యూజర్ ఛార్జీలు 35 రూపాయలు. ఏ సేవ వాడుకున్నామని అడక్కండి, ఫొటో తీయించుకున్నాం కదా.

ఇక నాదొక్కటే విన్నపం. ఇప్పుడే కట్టాలా, ఆగాలా అన్న టెన్షన్‌తో జనం నలిగిపోతున్నారు. కాబట్టి వచ్చే ఉగాది పంచాంగంలో ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం పక్కన ‘రాయితీ’ అని ఐదో గడి కలపాలి. వెంటనే కట్టేవాళ్లకు ఆ గడితో పనిలేదు, అవమానం గడి ఉండనే ఉంది.