బ్లూగిల్ మగచేపల సంగతి

ఉత్తర అమెరికా మంచినీటి చేప బ్లూగిల్ మీద వచ్చిన వ్యాసం చదివాను. దాని పలకబారిన ఒళ్లు, మొప్పమూత చివర నల్లమచ్చ, వీపు ముళ్లు అన్నీ అందులో వివరంగా రాశారు. మగచేపల సంగతి మాత్రం ఒక్క వాక్యంతో తేల్చేశారు, అసలు కథంతా అక్కడే ఉందండీ. లోతు తక్కువ నీళ్లలో మగది తోకతో ఇసుక ఊడ్చి పళ్లెంలాంటి గుంట చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతే రెక్కలతో నీళ్లు విసురుతూ కాపలా కాసేది ఈ మగదే. గూడు కట్టని చిన్న మగచేపలు మాత్రం చాటుగా ఆ గూట్లోకి దూరి, గుడ్ల మీద తమ వీర్యం వదిలి పారిపోతాయి. కొన్నైతే ఏకంగా ఆడవేషమే వేస్తాయి!

ఇంకోటి, 1960లో షికాగో మేయర్ కానుకగా ఇచ్చిన బ్లూగిల్‌లను అప్పటి జపాన్ యువరాజు అకిహితో తన దేశానికి తీసుకెళ్లారు. తర్వాత అక్కడి బివా సరస్సులో దేశవాళీ చేపలకు ఇవే బెడదయ్యాయి. 2007లో అకిహితోనే బహిరంగంగా విచారం వ్యక్తం చేశారు.