‘ముప్పై రోజుల్లో వంద పీఆర్‌లు’ ఫార్వర్డ్ చేస్తున్నవాళ్లకు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. కాలేజీ పాత గ్రూపులో రెండుసార్లు, అనంతపురం ఇంజినీరింగ్ పిల్లల గ్రూపుల్లో మూడుసార్లు. చివరికి మా చిన్నాన్న కూడా "అమ్మాయ్, తమ్ముడికి పనికొస్తుందేమో చూడు" అని పంపించాడు.

అందని వాళ్ల కోసం అందులో ఉన్నది చెబుతాను. పీఆర్ అంటే వేరేవాళ్ల ప్రాజెక్టుకు మనం పంపే మార్పు; వాళ్లు చదివి, ఒప్పుకుంటే కలుపుకుంటారు, అదే మెర్జ్. ఇక మెసేజ్: ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) సైంటిఫిక్ సాఫ్ట్‌వేర్‌లో పోటీ తక్కువ, వెంటనే దిగండి. సైన్స్ రానక్కర్లేదు, కోడ్ చాట్‌బాట్ రాసిస్తుంది. 30 రోజుల్లో 100 పీఆర్‌లు పంపండి, రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయం ఉండే ఫైలులో) ఒక్క మాట మార్చినా లెక్కే. ఇంగ్లిష్ రాకపోతే మా రెడీమేడ్ మెసేజ్‌లు పేస్ట్ చేయండి. గూగుల్ 5 లక్షలు ఇస్తుంది. ఖరీదైన ల్యాప్‌టాప్ తప్పనిసరి. ఇవేవీ మీ కాలేజీలో చెప్పరు. అడుగున 1,499 రూపాయల ‘కిట్’కు లింకు.

ల్యాప్‌టాప్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. డాక్యుమెంటేషన్ సరిదిద్దడం బ్రౌజర్‌లోనే అవుతుంది. కోడ్ నడపాలంటే ఇలాంటి ప్రాజెక్టులు ఉండే గిట్‌హబ్ సైటులో కోడ్‌స్పేసెస్ అనే ఆన్‌లైన్ కంప్యూటర్ నెలకు కొన్ని గంటలు ఉచితం, కాలేజీ ల్యాబ్ ఉండనే ఉంది. అప్పు చేసి ల్యాప్‌టాప్ కొనకండి.

గూగుల్ డబ్బు కూడా ఊరికే రాదు. అది ఇచ్చే కార్యక్రమం గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, 2005 నుంచి నడుస్తోంది. ప్రపోజల్ రాసి, ఎంపికై, సుమారు 90 నుంచి 350 గంటల దాకా పని చేసి, మెంటర్ సరేనంటేనే డబ్బు. అదీ ప్రాజెక్టు సైజును బట్టి, ఉంటున్న దేశాన్ని బట్టి మారుతుంది. ఇంటికి డబ్బు అవసరమున్న పిల్లలు ఐఐటీ బొంబాయి వాళ్ల ఫాసీ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు కూడా చూడొచ్చు. పాఠ్యపుస్తకంలో సాధించిన లెక్కలను సైలాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కోడ్ చేసి ఇచ్చే విద్యార్థులకు అక్కడ పారితోషికం ఇస్తూ వచ్చారు.

‘రీడ్‌మీలో ఒక్క మాట’ సలహా ఇంతకుముందే ఊరేగి వచ్చింది. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ కార్యక్రమంలో నాలుగు పీఆర్‌లకు టీషర్టు ఇస్తామన్నారు. జనం ప్రాజెక్టు పేరు ముందు ‘అమేజింగ్’ అని చేర్చి వేలం వెర్రిగా పంపారు. కొద్ది రోజుల్లోనే నిర్వాహకులు నిబంధన మార్చారు: తమంతట తాము ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపినవే లెక్క. ఆ చెత్తంతా కూర్చుని మూసేసింది ఎవరనుకుంటున్నారు? జీతం లేకుండా రాత్రిపూట రివ్యూ చేసేవాళ్లు. పైథాన్ భాషలో అంకెల లెక్కలకు వాడే నంపై అనే లైబ్రరీ (ఇతరులు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే రెడీమేడ్ కోడ్) 1.0 వచ్చింది 2006లో. దాని అభివృద్ధికే ప్రత్యేకంగా నిధులు మొదట దొరికింది 2017లో. అన్నేళ్లూ మనుషులు తమ తీరిక ఖర్చుపెట్టి నిలబెట్టారు. వాళ్ల దగ్గరికి వంద కామాలు పంపమని పిల్లలకు ఎలా చెబుతారు?

ఇక అసలు విషం: "సైన్స్ రానక్కర్లేదు, చాట్‌బాట్ రాసిస్తుంది."

మా వీధిలో రూము తీసుకుని చదువుకుంటున్న కల్యాణదుర్గం అమ్మాయి ఉంది, సెకండియర్. ఈ మెసేజ్ నమ్మి, వాతావరణ డేటా చదివే ఒక లైబ్రరీకి పదకొండు పీఆర్‌లు పంపింది. పన్నెండోది పంపేలోపు ఆ ప్రాజెక్టు వాళ్లు ఆమెను బ్లాక్ చేశారు. "అక్కా, నేనేం తప్పు చేశాను?" అని ఫోన్ పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. ఇద్దరం కూర్చుని పదకొండూ చదివాం.

పది పనికిరానివి. ఒకటి మాత్రం నిజమైన బగ్ మీద పంపింది. వర్షమాపకాల ఫైళ్లలో, కొలత నమోదు కాని రోజుకు -999 లాంటి అసాధ్యమైన అంకె వేయడం పాత అలవాటు. లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే గుర్తు అది. ఆ లైబ్రరీ దాన్ని కూడా సగటులో కలిపేస్తోంది. నాలుగు మండలాలు తీసుకోండి: 12, 9, 15 మిల్లీమీటర్లు, నాలుగోదానికి -999. సగటు -240.75 వస్తుంది. ఎవరు చూసినా తప్పని పట్టేస్తారు.

చాట్‌బాట్ -999 ఉన్నచోటల్లా సున్నా పెట్టింది. ఇప్పుడు సగటు 9. ఎర్రర్ పోయింది, మైనస్ పోయింది, చూడటానికి వానలాగే ఉంది. కానీ సరైన జవాబు 12. కొలిచిన మూడింటినే కూడి మూడుతో భాగించాలి. దీనికోసమే నంపైలో ‘ఇక్కడ అంకె లేదు’ అని చెప్పే నాన్ అనే విలువ, దాన్ని వదిలేసి సగటు తీసే నాన్‌మీన్ అనే ఫంక్షన్ ఉన్నాయి.

సైంటిఫిక్ సాఫ్ట్‌వేర్‌లో భయపడాల్సింది ఇలాంటి తప్పుకే. వెబ్‌సైట్‌లో బటన్ పనిచేయకపోతే పది నిమిషాల్లో ఎవరో ఒకరు అరుస్తారు. ఇక్కడ 12 బదులు 9 వస్తే ఎవరూ అరవరు. అది ఒకరి థీసిస్‌లోకి, ఇంకొకరి రిపోర్టులోకి పోతుంది. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్లు పడే జిల్లా మనది. విత్తనం వేయడానికి పదునైందా లేదా అని ఆకాశం చూసేవాళ్లకు ఆ మూడు మిల్లీమీటర్లు చిన్నవి కావు.

రివ్యూ చేసినాయన ఒక్కటే అడిగాడు: ఇక్కడ సున్నా ఎందుకు? ఈమె ఆ ప్రశ్నను కూడా చాట్‌బాట్‌కే ఇచ్చి, వచ్చిన నాలుగు పేరాలు పేస్ట్ చేసింది. ఆయనకు ఓపిక పోయిందంటే నేను తప్పుపట్టను.

వాళ్ల నాన్న శెనక్కాయ వేస్తాడు. "మీ ఊళ్లో వాన పడకపోవడమూ, పడిన వానను కొలవకపోవడమూ ఒకటేనా?" అని అడిగాను. "ఒకటెట్లవుతుందక్కా" అంది వెంటనే. ఆ రివ్యూ చేసినాయన అడిగింది అదే. సైన్స్ అంటే ఇక్కడ అదే. జవాబు తెలిసిన పిల్లకు, నీకు తెలియనక్కర్లేదని చెప్పింది మీరు పంపిన మెసేజ్.

గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను మొదలుపెట్టిన జాన్ హంటర్ న్యూరోబయాలజీ మనిషి. మూర్ఛ రోగుల మెదడు సంకేతాలు చూసే పనిలో తనకు అవసరమై రాసుకున్నాడు. పైథాన్ కోడ్‌ను ముక్కముక్కగా నడిపి చూసుకునే ఐపైథాన్‌ను 2001లో మొదలుపెట్టిన ఫెర్నాండో పెరెజ్ అప్పటికి ఫిజిక్స్ పరిశోధక విద్యార్థి. 2019లో లోకమంతా చూసిన మొదటి కృష్ణబిలం చిత్రం వెనక నంపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్ పనిచేశాయి. ముందు ఒక శాస్త్ర ప్రశ్న ఉంది, దానికోసం కోడ్ వచ్చింది. అలాంటి చోటికి సైన్స్ వద్దనుకుని వెళ్లమంటారా?

ఇంగ్లిష్ గురించి: పెరెజ్ కొలంబియావాడు, ఆయన మాతృభాష కూడా ఇంగ్లిష్ కాదు. ఏం నడిపాను, ఏం వచ్చింది, ఏం రావాలి. మూడు వాక్యాలు, తప్పులున్నా సరే, సొంతంగా రాస్తే చాలు. ‘రెస్పెక్టెడ్ సర్, కైండ్లీ మెర్జ్’ అని ఒకే మెసేజ్ వందమంది పేస్ట్ చేస్తే చదివేవాళ్లకు తెలియదా?

ఈ మెసేజ్ పంపినవాళ్లను ఒక్కటి అడుగుతున్నాను. మీలో ఒక్కరైనా ఒక్క పీఆర్ మెర్జ్ చేయించుకున్నారా? చేయించుకుని ఉంటే ఇది పంపేవాళ్లు కాదు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ‘మీ కాలేజీలో చెప్పరు’ అన్నది నిజం. నాకు కూడా ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను, మన పిల్లలకు తెలుగులో నేను చెప్పిందీ లేదు. కల్యాణదుర్గం అమ్మాయి దగ్గరికి ఈ మెసేజ్ తెలుగులో వెళ్లింది, నాకంటే ముందు వెళ్లింది. దాన్ని రాసినవాళ్ల మీద ఎంత కోపమున్నా, ఆ తప్పు నాది, నాలాంటివాళ్లది.

పోయిన ఆదివారం ఆమె ఆ నాలుగు అంకెలతోనే, కోడ్ సరిగ్గా లెక్కిస్తోందో చూసే ఒక చిన్న టెస్టు కోడ్ రాసింది. జవాబు 12 రావాలి. మొదట ఫెయిలైంది. రెండు లైన్లు తనే మార్చింది, పాసైంది. బ్లాక్ ఉంది కాబట్టి పంపే దారి లేదు. క్షమించమని, సున్నా ఎందుకు తప్పో ఇప్పుడు తెలిసిందని ఆ ప్రాజెక్టు వాళ్లకు మెయిల్ రాసింది, తనకొచ్చిన ఇంగ్లిష్‌లో. నేను ఒక్క అక్షరం దిద్దలేదు. జవాబు కోసం చూస్తున్నాం.