క్యాంప్ నౌ లిఫ్టు గారికి

మహారాజశ్రీ బార్సిలోనా నగరం, క్యాంప్ నౌ స్టేడియం, వీఐపీల వైపు లిఫ్టు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. 2023లో మీ స్టేడియాన్ని విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు కాబట్టి ఈపాటికి మీరు ఏ పాత ఇనుము కొట్టులోనో విశ్రాంతి తీసుకుంటూ ఉండొచ్చు. అయినా రాస్తున్నాను. పాతికేళ్ళు దాటినా నా కడుపుమంట చల్లారలేదు.

1999 మే 26 రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. జర్మనీ క్లబ్బు బయర్న్ మ్యూనిక్, ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్. తొంభై వేల పైచిలుకు జనం. ఆరో నిమిషంలోనే బయర్న్ ఆటగాడు మారియో బాస్లర్ ఫ్రీకిక్ గోల్‌లోకి పోయింది. ఇక అక్కణ్ణుంచి యునైటెడ్ వాళ్ళు పరిగెత్తారు, చెమటలు కార్చారు, అంతే. రాయ్ కీన్, పాల్ స్కోల్స్ ఇద్దరూ సస్పెన్షన్ వల్ల సూట్లేసుకుని పెళ్ళికొచ్చిన బంధువుల్లా చూస్తూ కూర్చున్నారు. ఆట చివర్లో బయర్న్ ఆటగాడు షోల్ పైకి లేపిన బంతి పోస్టుకు తగిలి వెనక్కొచ్చింది. కాసేపటికే అదే జట్టు కార్స్టెన్ యాంకర్ గాల్లో వెనక్కి పడుతూ తన్నిన బంతి బార్‌కి తగిలింది. ఆ రెండిట్లో ఏ ఒక్కటి లోపలికి పోయినా ఈ ఉత్తరం రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

సరిగ్గా అప్పుడే మీ దగ్గరికి ఒక పెద్దమనిషి వచ్చారు. లెన్నార్ట్ యోహాన్సన్. స్వీడన్ ఆయన, యూరప్ ఫుట్‌బాల్ సంస్థకు అధ్యక్షులు. కప్పు ఇవ్వాల్సింది ఆయనే. గెలిచేదెవరో తేలిపోయిందిగా, కిందికి దిగి సిద్ధంగా ఉందాం అనుకున్నారు. కప్పుకు అప్పటికే బయర్న్ రిబ్బన్లు కట్టేశారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మావాళ్ళు అంటారు. అక్కడ సోమలింగానికి బారసాల కూడా చేసేశారు.

ఆయన బటన్ నొక్కారు. మీరు వచ్చారు. అదే మీరు చేసిన తప్పు.

పిలవగానే రావడమేమిటండీ? మా అపార్ట్‌మెంట్ లిఫ్టును చూసి నేర్చుకోండి. మూడో అంతస్తులో ఎవరో గ్రిల్లు సగం తెరిచి పోతారు. అది అక్కడే నిలబడి 'కృపయా దర్వాజా బంద్ కీజియే' అని గోల పెడుతూ ఉంటుంది. మేం కింద పాలప్యాకెట్లు పట్టుకుని ఐదు నిమిషాలు ఎదురుచూసి, దాన్ని నాలుగు తిట్టి మెట్లెక్కుతాం. మీరూ ఆ రాత్రి ఒక్కసారి అలా మొరాయించి ఉంటే యోహాన్సన్ గారు విసుగొచ్చి తన కుర్చీలోకి తిరిగి వెళ్ళేవారు. వెళ్ళి, తన ఉద్యోగ జీవితంలో చూడదగ్గ మూడు నిమిషాలు చూసేవారు.

ఆ మూడు నిమిషాల్లో ఏం జరిగిందో మీకూ తెలియదు కదా, ఆయన్ని మోస్తూ పనిలో ఉన్నారు. చెబుతాను. ఎడమ పక్క నుంచి యునైటెడ్ ఆటగాడు బెకమ్ కార్నర్ తీశాడు. సొంత గోల్ వదిలేసి గోల్‌కీపర్ ష్మైకెల్ కూడా ముందుకు పరిగెత్తుకొచ్చాడు. ఆ రాత్రి కెప్టెనూ ఆయనే, యునైటెడ్‌కు అదే ఆయన ఆఖరి ఆట. బంతి అటూ ఇటూ కొట్టుకుని, గిగ్స్ సరిగ్గా తగలకుండా తన్నిన తన్నుకు దొర్లుకుంటూ వస్తే షెరింగామ్ దాన్ని మూలకు నెట్టాడు. ఒకటి ఒకటి. రెండు నిమిషాలు కూడా కాలేదు, మళ్ళీ ఎడమ పక్క నుంచే కార్నర్, మళ్ళీ బెకమ్. షెరింగామ్ తల, సోల్షార్ కాలివేళ్ళు. రెండు ఒకటి. బదులుగా దిగిన ఇద్దరూ కలిసి పని ముగించారు.

మీ తలుపులు తెరుచుకున్నాయి. యోహాన్సన్ గారు బయటికొచ్చి చూస్తే బయర్న్ ఆటగాడు కుఫోర్ నేలను పిడికిళ్ళతో బాదుతూ ఏడుస్తున్నాడు, రిఫరీ కొలీనా బయర్న్ ఆటగాళ్ళను లేవండయ్యా అని లేపుతున్నాడు. ఆయనకు మతి పోయింది. 'నమ్మలేకపోతున్నాను, గెలిచినవాళ్ళు ఏడుస్తున్నారు, ఓడినవాళ్ళు డాన్స్ చేస్తున్నారు' అన్నారు. ఆ ఫైనల్ మొత్తానికి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం లేదు. అది చెప్పింది ఆట చూడని మనిషి.

ఆయన్నే అనడం దేనికి, సినిమాహాల్లో పోలీసులు జీపు దిగగానే లేచి స్టాండులో బండి తీయడానికి పరిగెత్తే జాతి మాది. నా సంగతి అసలు చెప్పుకోదగ్గది కాదు.

మాది తెనాలి. ఎండాకాలం కదా, ఇంటిల్లిపాదీ డాబా మీద పడుకున్నారు. నేనొక్కణ్ణే కింద గదిలో టీవీ సౌండు తగ్గించి, అర్ధరాత్రి దాటిన దగ్గర్నుంచి కూర్చున్నాను. ఎనభై తొమ్మిదో నిమిషంలో 'ఇంకేముందిలే' అనుకుని టీవీ కట్టేశాను. మంచినీళ్ళ చెంబు పట్టుకుని మేడెక్కాను. ఆయన దిగారు, నేను ఎక్కాను, అంతే తేడా.

పొద్దున టీకొట్టు దగ్గర ఎవరి నోట విన్నా గంగూలీ 183, ద్రవిడ్ 145. ముందురోజే టాంటన్‌లో శ్రీలంక మీద ఇద్దరూ కలిసి 318 పరుగులు జోడించారు మరి. ఆ గోలలో నేను దూరి, రాత్రి యూరప్ కప్పు బయర్న్ ఎత్తుకుపోయింది, ఒకటి సున్నా అని ప్రకటించాను. ఎవరూ కాదనలేదు, తెలిస్తే కదా. ఆ ధైర్యంతో నాలుగు టీ గ్లాసులు వరసగా నిలబెట్టి, అవి గోడ అనుకోమని, బాస్లర్ బంతి వాటి పక్కనుంచి ఎలా పోయిందో బిస్కెట్ ముక్కతో చూపించాను. ఆట ముగిసేసరికి మనకు రాత్రి రెండయింది కాబట్టి ఆ పొద్దుటి పేపర్లో దాని ఊసే లేదు. రోజంతా నేనే పేపర్ని.

మర్నాడు వెళ్ళేసరికి టీకొట్టు బాబాయ్ ఏమీ మాట్లాడకుండా ఆటల పేజీ మడిచి నా గ్లాసు కింద పెట్టాడు. కప్పు పట్టుకుని మాంచెస్టర్ వాళ్ళు. టీ సగం తాగాక అడిగాడు, "ఏం అబ్బాయ్, నీ బయర్న్ వాళ్ళు రాత్రికి రాత్రి ఊరు మారారా?"

ఇట్లు,
మెట్లెక్కి మోసపోయిన మీ బాధితుడు