ఓర్చుకోవద్దని చెప్పేవారు

మా పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తేలిన ఏడాది, కీమో గదిలో ఆమె పక్కన కూర్చున్న రోజుల్లో నా మనసులో నిలిచిపోయిన మాట ఒక నర్సుది. ఎడమవైపు ఆపరేషన్ అయింది కనుక ఆ చేతికి సూది గుచ్చకూడదన్నారు. కుడిచేతిలోనేమో రెండు సైకిళ్లకే, అంటే రెండు విడతల కీమోకే, నరాలు దొరకడం కష్టమైంది. ఆ నర్సు వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను ముంజేతికి చుట్టి, కాసేపు ఆగి, వేలికొసతో తడిమి నరం పట్టుకున్నారు. ఎర్ర మందు ఎక్కించబోతూ, "అమ్మా, సూది దగ్గర కొంచెం మంటగా అనిపించినా వెంటనే చెప్పండి, ఓర్చుకోవద్దు" అన్నారు.

ఎర్ర మందు అని అందరూ పిలిచే ఆ డాక్సోరూబిసిన్ నరం దాటి బయటికి చిమ్మితే చర్మం, దాని కింది కండ చచ్చుబడి మానని పుండు పడే ప్రమాదం ఉంది. నొప్పిని పళ్ల బిగువున భరించడమే మంచితనమని చిన్నప్పటి నుంచి విన్న మనిషి నోట "మంటగా ఉంది" అనే మాట పలికించడం ఆ సూది గుచ్చడం కంటే కష్టమైన పని. జ్వరం విషయంలోనూ అంతే. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి రమ్మంటారు. డోలో మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూద్దామనుకున్నవారిలో కొందరికి ఆ తెల్లవారడమే దక్కదు. క్యాన్సర్ రోగికి తోడుండే బృందం చేసే పనిలో సగం, ఓర్పును మాన్పించడమేనని నాకు అప్పుడు అర్థమైంది.

మనం మాత్రం "డాక్టరు దేవుడు" అని ఒక్క దండం పెట్టి ఊరుకుంటాం. వైద్యుడి మీద గౌరవం ఉండవలసిందే. అయితే ఏ మందు వాడాలో ఆయన నిర్ణయించేది పాథాలజిస్టు గడ్డ ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసి రాసిన నివేదికను బట్టి. ఎత్తు, బరువు లెక్కగట్టి నిర్ణయించిన మోతాదును సరిచూసి, ప్రత్యేకమైన క్యాబినెట్‌లో చేతొడుగులతో కలిపే ఫార్మసిస్టు ముఖం రోగికి కనబడనే కనబడదు. పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్‌ను నరంలోకి మాత్రమే ఎక్కించాలి. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే దాదాపుగా ప్రాణం పోయినట్లే. ఆ పొరపాటు జరగని ప్రతి రోజు వెనుకా ఒకటికి రెండుసార్లు లేబుల్ చదివిన మనిషి ఉంటారు.

ఊళ్లలో "కరెంటు పెట్టడం" అని పిలిచే రేడియేషన్ సంగతి చూడండి. గొంతు క్యాన్సర్‌కు వారానికి ఐదు రోజుల చొప్పున 33 నుంచి 35 సిట్టింగులు, అంటే దాదాపు ఏడు వారాలు పడుతుంది. వేడినీళ్లలో మెత్తబరచిన ప్లాస్టిక్ జల్లెడను ముఖానికి అచ్చుగా దిద్ది, రోజూ దానితోనే తలను బల్లకు బిగిస్తారు. వెన్నుపాముకు, లాలాజల గ్రంథులకు వీలైనంత తక్కువ కిరణాలు తగిలేలా మెడికల్ ఫిజిసిస్టు వేసిన లెక్క నిలబడాలంటే, టెక్నీషియన్ రోజూ మిల్లీమీటర్లకు మించిన తేడా రాకుండా గీతలు కలపాలి. ఇరవయ్యో రోజుకు నోరంతా పుండై, మజ్జిగ కూడా దిగనప్పుడు, మానేస్తానన్న మనిషికి నచ్చజెప్పేది కూడా చాలాసార్లు ఆ టెక్నీషియనో, ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పంపే రైల్స్ ట్యూబ్ గురించి భయం పోగొట్టిన డైటీషియనో.

నొప్పి తగ్గించడం కోసం పోరాడినవారిని ఇంకా తక్కువగా తలుచుకుంటాం. 1985 నాటి మత్తుమందుల చట్టంలోని లైసెన్సుల చిక్కుల వల్ల మన దేశంలో తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ అందక ఎందరో విలవిల్లాడుతూ పోయారు. 2014లో ఆ చట్టాన్ని సవరించడం వెనుక ఉపశమన వైద్యులు, కార్యకర్తలు ఏళ్ల తరబడి చేసిన ప్రయత్నం ఉంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్ల ఉపశమన వైద్య విభాగాలు ఉన్నాయంటే, జబ్బు నయం కాదన్న తర్వాత కూడా రోగి పట్ల బాధ్యత తీరదని నమ్మినవారు ఉండబట్టే.

వీరందరినీ ఓర్చుకోమంటున్నది మాత్రం మనమే. ఒక్క నర్సు ఎన్ని మంచాలు చూసుకోవాలన్న లెక్కను మించి పని అప్పగిస్తాం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలామందిని ఒప్పంద, ఔట్‌సోర్సింగ్ పద్ధతుల్లోనే కొనసాగిస్తాం. మందు కలిపిన చేతికి, రోగి వాంతిని తుడిచిన ఆయమ్మకు సరైన చేతొడుగులు ఉన్నాయో లేవో అడగం. ఫిబ్రవరి 4న క్యాన్సర్ దినోత్సవానికి శాలువాలు కప్పడం తప్పు కాదు. కానీ సిబ్బంది ఖాళీలు నింపమని, వరుసగా మరణాలు చూసే వార్డుల్లో పనిచేసేవారికి సెలవు, కౌన్సెలింగ్ హక్కుగా ఇవ్వమని రోగుల కుటుంబాలే గట్టిగా అడిగితే, ఆ కృతజ్ఞత వారికి పనికొస్తుంది.

పెద్దమ్మ ఫైలు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. డిశ్చార్జి కాగితం మీద ఉన్నది ఒక్క వైద్యుడి పేరే. లోపలి షీట్లలో ప్రతి సైకిల్‌కూ బరువు, జ్వరం, నరం దొరికిన చోటు రాసి, పక్కన పొట్టి సంతకాలు ఉన్నాయి. అవి ఎవరివో మేమెప్పుడూ అడగలేదు.