సెట్ అనే ఇంగ్లీషు మాట గారికి, బెంగళూరు మారతహళ్ళి నుంచి

సెట్ గారూ,

మీ ఘనత తెలియక రాస్తున్నది కాదు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికంటే పొడుగైన వివరణ మీదే, క్రియగానే 430 అర్థాలు. తర్వాత మీ తోటి మాట రన్ గారు 645తో మిమ్మల్ని దాటేశారు. దిగులు పడకండి, అక్కడ పోయిన కుర్చీ బెంగళూరు తెలుగువాళ్లు మీకు ఎప్పుడో వేసేశారు.

ఇంగ్లీషువాళ్లు మీచేత సూర్యుణ్ణి అస్తమింపజేశారు, టెన్నిస్ ఆడించారు. మేం పెళ్లిళ్లే చేయిస్తున్నాం. నెల్లూరు నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసి "ఏరా, సెట్ అయిందా?" అంటుంది. ఉద్యోగమా, ఇల్లా, సంబంధమా, ఇక్కడి నీళ్లు ఒంటికి పడ్డాయా అన్నది నేనే ఊహించుకోవాలి. "ఆ, అయింది పెద్దమ్మా" అంటే చాలు, నిశ్చింతగా ఫోన్ పెట్టేస్తుంది. ఏది అయిందో ఇద్దరికీ తెలీదు.

ఎంసెట్ (ఇప్పుడది ఈఏపీసెట్), ఐసెట్, లాసెట్ మీ చుట్టాలు కారని తెలుసు, అవి పరీక్షల పేర్లలోని పొడి అక్షరాలు. అయినా మా ఇళ్లల్లో ఆ సెట్‌లో ర్యాంకొస్తేనే లైఫ్ సెట్. కన్నడిగులు తెలివైనవాళ్లు, వాళ్ల ప్రవేశ పరీక్షని సీ-ఈ-టీ అని విడివిడిగా పలికి మిమ్మల్ని గుమ్మం బయటే ఆపేశారు.

మీరు నిజాయితీగా పనిచేసేది ఈ ఊళ్లో దర్శినిలోనే, అంటే నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్లో. సెట్ దోసె అంటే సెట్ దోసే, మెత్తగా దూదిలా, ఒకదాని మీద ఒకటి, పక్కన కూరగాయల కుర్మాలాంటి సాగు, చట్నీ. ఆకలి లేక ఒక్కటే ఇమ్మంటే కౌంటర్ దగ్గరాయన తలెత్తకుండా "సింగిల్ ఇల్ల సార్, సెట్టే" అన్నాడు. మీ అర్థం ఇంత కచ్చితంగా చెప్పిన మనిషి నాకు మళ్లీ తగల్లేదు.

ఇక అసలు ఫిర్యాదు. మా ఇంటి ఓనర్‌ది చిత్తూరు వైపు, మంచి మనిషే. గీజర్ పాడైందని చెప్తే "సెట్ చేపిస్తాలే బాబూ" అన్నాడు. ఎవరొస్తారు, ఎప్పుడొస్తారు, డబ్బులెవరివి, ఒక్కటీ అందులో లేదు. అదే "బాగు చేయిస్తా" అని ఉంటే మర్నాడు వెళ్లి నిలదీసేవాణ్ణి. మళ్లీ అడిగితే "సెట్ అయిపోతుంది" అన్నాడు, అంటే ఇప్పుడు చేయించేవాడు కూడా మాయం, గీజరే మనసు మార్చుకుని బాగుపడాలన్నమాట! ఆక్స్‌ఫర్డ్ వాళ్ల 430లో ఈ అర్థం ఉండి ఉండదు.

ఆదివారం అద్దె ఇవ్వడానికి కిందికి దిగుతున్నా. ఆయన నోరు తెరిచేటప్పుడు దయచేసి మీరు అడ్డం రాకండి. ఖాళీ చేసే రోజు అసలే రాకండి. డిపాజిట్ గురించి కూడా "సెట్ చేద్దాంలే" అన్నాడంటే, 10 నెలల అద్దె సార్ అది.

ఇట్లు,
చన్నీళ్ల స్నానాల అద్దెదారు