తగువు తెగనివ్వకండి

బొబ్బిలి యుద్ధం ఒక్క రోజులో అయిపోయింది. 1757 జనవరి 24న ఫిరంగులు మోగాయి, ఆ రోజు గడిచేసరికి కోట పోయింది. విజయనగరం, బొబ్బిలి సంస్థానాలు అన్నేళ్లు పెంచి పోషించిన పగని ఒక్క పూటలో అవగొట్టేశాయి. ఆ తొందరపాటు మళ్లీ జరక్కూడదనే కాబోలు, రెండెకరాల పల్లం, ఓ పెంకుటిల్లు, పెరట్లో పనసచెట్టు ఉన్న ఏ కుటుంబమూ మా వైపు పంపకాన్ని ఒక్క తరంలో ముగించదు.

ముగించకూడదు కూడా. పంచేసుకుంటే అన్నదమ్ములు మళ్లీ కలవడానికి కారణమేముంటుంది? ఒకడు హైదరాబాదులో, ఒకడు విశాఖలో, ఒకడు ఊళ్లో. మేనకోడలి పెళ్లికి ఎవరికీ సెలవు దొరకదు. వాయిదాకి మాత్రం అందరికీ దొరుకుతుంది.

ముందుగా, ఊళ్లో ఉండి కాయలు దింపుకుంటున్న పెద్దన్నని అపార్థం చేసుకోవడం మానాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఉమ్మడి కొబ్బరితోట ఉందనుకోండి. ఇరవయ్యేళ్లుగా కాయ ఆయనదే, కమ్మ ఆయనదే, పీచూ ఆయనదే. మనం దాన్ని దోపిడీ అంటాం. చట్టం అంత తేలిగ్గా అనదు. ఉమ్మడి ఆస్తి ఒక వాటాదారు చేతిలో ఉంటే అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. మీకిందులో హక్కు లేదు పొమ్మని బాహాటంగా చెప్పి, బయటికి నెట్టి, అలా ఏళ్ల తరబడి నిలబడితే తప్ప, ఉత్తినే అనుభవించినంత మాత్రాన అది ఆయన సొంతం కాదు. అంటే ఆ కొబ్బరినీళ్లు ఆయన తాగుతున్నది మన తరఫునే. షుగరుందని మనం మానేసిన కొబ్బరుండలు కూడా మన తరఫున ఆయనే తింటున్నాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చెట్లని కూల్చేశాక, పట్టాదారు పుస్తకంలో పేరున్నవాడు కాబట్టి పరిహారం మన తరఫున తీసుకున్నాడు, మన తరఫున ఖర్చు పెట్టాడు. లెక్క అడిగే హక్కు మనకుంది. అడిగితే చూపించేస్తాడేమో అన్న భయంతోనే ఎవరూ అడగరు.

ఇక ఆడపడుచులు. ఈ విషయంలో చట్టం మగవాళ్లని చాలా ఇబ్బంది పెట్టింది. తండ్రి స్వార్జితంలో కూతురికీ వాటా ఉందని 1956లోనే అంది. సరే, అది ఎవరూ చదవలేదు. 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పిత్రార్జితంలోనూ పుట్టుకతో హక్కిచ్చింది. అప్పటికే పెళ్లయిపోయినవాళ్లకి వర్తించదంది కాబట్టి కొంచెం ఊపిరాడింది. 2005 సెప్టెంబరు 9న కేంద్రం ఆ మినహాయింపూ లేకుండా చేసింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు, 2005 నాటికి తండ్రి బతికున్నాడా లేదా అన్నది కూడా అనవసరమని తేల్చేసింది.

అయితే తోడబుట్టినవాళ్ల ప్రేమ ముందు సుప్రీంకోర్టు ఎంత? సంక్రాంతికి అప్పని, అంటే అక్కని, పిలుస్తారు. ఏళ్ల తరబడి పిలవని పుట్టిల్లు పిలిచిందంటే ఎందుకో అప్పకి తెలుసు. అయినా వస్తుంది. చీర పెడతారు, అరిసెలు కట్టిస్తారు. భోగి నాడు ఏమీ అనరు. పండగ నాడూ అనరు. కనుమ నాడు భోజనాలయ్యాక తమ్ముడు మొదలెడతాడు.

“నీకేటి తక్కువప్పా? బావకి పింఛనొస్తంది, పిల్లలు సెటిలైపోనారు. పుట్టిల్లు కావాలా నీకు, పది సెంట్లు కావాలా?”

ఈ ప్రశ్న అన్నదమ్ములు ఒకళ్లనొకళ్లు అడుక్కున్న దాఖలా నాకు తెలిసి ఎక్కడా లేదు. “రెండూ నావే కదరా” అని అప్ప గనక అంటే వంటింట్లో మరదలి చేతిలో గిన్నెలు మోగుతాయి. అనకపోతే మర్నాడు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు విడుదల దస్తావేజు. అందులో ‘ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా’ అని ఉంటుంది. బలవంతం లేదన్నది నిజమే. టిఫిను కూడా తమ్ముడే పెట్టించాడు.

సంతకం పెట్టని అప్పలకి వేరే మందుంది. 2004 డిసెంబరు 20కి ముందే అయిపోయిన పంపకాన్ని 2005 సవరణ తిరగదోడదు. ఆ సంగతి తెలిసిన మర్నాటి నుంచి, కాలం చేసిన నాన్న 1998లోనే వీధరుగు మీద కూచోబెట్టి నోటిమాటగా పంచేశాడని అన్నదమ్ములందరికీ ఒకేసారి గుర్తొస్తుంది. ఒక తెల్లకాయితమూ దొరుకుతుంది. సాక్షులు ఒక్కరూ బతికుండరు. రిజిస్టరైన దస్తావేజో కోర్టు డిక్రీయో ఉండాలని చట్టం చెప్పింది, నోటిమాట పంపకాన్ని ఊరికే నమ్మకూడదని సుప్రీంకోర్టూ చెప్పింది. పాతదిలా కనపడాలని ఆ కాయితాన్ని టీనీళ్లలో ముంచి ఆరబెట్టినవాడి పనితనం అలా వృథా. కళాకారుడికి ఈ దేశంలో విలువ లేదు.

దావా పడ్డాక కంగారు అక్కర్లేదు. మొదట వచ్చేది ప్రిలిమినరీ డిక్రీ. ఎవరికెంత వాటానో అందులో ఉంటుంది, ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకానో ఉండదు. దానికి ఫైనల్ డిక్రీ పిటిషను. కమిషనరుగా ఒక వకీలు వస్తారు, కొలతలు తీస్తారు, రిపోర్టు ఇస్తారు, రిపోర్టు మీద అందరూ అభ్యంతరాలు వేస్తారు. ఈలోగా పార్టీల్లో ఒకరు పోతారు. వారసుల్ని రికార్డులోకి తేవాలి. నలుగురి దావా పద్నాలుగు మందిదవుతుంది. వంశాభివృద్ధి అంటే ఇదే. ప్రభుత్వం కూడా మన పద్ధతిని మెచ్చినట్టుంది. భూముల రీసర్వేలో చాలా ఊళ్లలో వేర్వేరుగా సాగు చేసుకుంటున్నవాళ్లని కూడా ఒకే జాయింట్ ఎల్‌పీఎం (భూమి పటం) నంబరు కింద కలిపేసింది. తగువు లేనివాళ్లకి కూడా తగువు అందాలి కదా.

ప్రమాదాలు లేకపోలేదు. అన్నిటికంటే పెద్దది, రాజీ కుదిర్చే లోక్ అదాలత్. అక్కడ ఫీజు కట్టక్కర్లేదు, కోర్టులో ముందు కట్టిన ఫీజు కూడా వెనక్కిచ్చేస్తారు. ఒప్పుకుని సంతకాలు పెడితే అది డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. అప్పీలే లేని చోటికి బుద్ధున్నవాడెవడైనా వెళతాడా? రెండోది 1893 నాటి పార్టిషన్ చట్టం. ఇంటిని ముక్కలు చేస్తే ఎవరికీ పనికిరాదనుకుంటే, వాటాదారులు అడిగినప్పుడు, మొత్తం అమ్మించి డబ్బు పంచే అధికారం అది కోర్టుకిచ్చింది. డబ్బు సమానంగా పంచుకోవచ్చు, నిజమే. కానీ తమ్ముడి వాటాకి వీధి గుమ్మం పోయిందన్న బాధ, వాడి పనసచెట్టు మనకొచ్చిందన్న తృప్తి డబ్బులో ఎక్కడుంటాయి?

అప్పుడప్పుడు వాటాదారుల్లో ఒకడు విసిగిపోయి, పంపకం కాని తన వాటాని బయటివాడికి అమ్మేస్తాడు. ఆ కొన్నవాడు ఇంట్లో భాగం పంచమని దావా వేసేసరికి, మాటల్లేని అన్నదమ్ములు ఫోన్లు చేసుకుంటారు. అలా వేసినప్పుడు ఆ వాటాని కోర్టు కట్టిన ధరకి కుటుంబంలోవాళ్లే కొనుక్కోవచ్చని ఆ 1893 చట్టంలోనే నాలుగో సెక్షను ఉంది. ఎప్పుడో పెట్టిన సంతకం మర్చిపోయి అప్ప కూడా వస్తుంది. అందరూ ఒకే ఆటోలో ఒకే వకీలు దగ్గరికి వెళతారు. అంతా విని, డబ్బు కట్టి కొనేదెవరని వకీలు అడుగుతాడు. అది తర్వాత చూసుకుందాం, ముందు కింద ఆటోవాడు నిలబడ్డాడు, వాడికెవరిస్తారో తేలాలి అంటాడు పెద్దన్న.